మే ఎండల్లో పెరటి తోట: పూత ఎందుకు రాలుతుంది, ఏది ఉంచాలి, ఏది ఎప్పుడు కోయాలి

మీరు అడిగింది ఇదీ. అనంతపురం అంచున ఇంటి వెనుక 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున్న ఎర్రనేల పెరడు. ఫిబ్రవరిలో టమోటా, వంగ, బెండ, మటిక్కాయ (గోరుచిక్కుడు), సొర, బీర, మిరప పెట్టారు. ఏప్రిల్ దాకా బాగానే కాసింది. ఇప్పుడు మే రెండో వారంలో టమోటా పూతంతా రాలుతోంది, సొర పిందెలు వేలంత అయ్యి పసుపు తిరిగి పోతున్నాయి, బెండకాయలు పీచు కడుతున్నాయి, ఆకుల అంచులు మాడుతున్నాయి. బోరు నీళ్లు ఉప్పన. రోజుకు రెండుసార్లు నీళ్లు పెడుతున్నా ఎందుకిలా అవుతోంది, అన్నీ పీకేసి మృగశిరకు కొత్తగా వేసుకోవాలా అన్నారు.

అన్నీ పీకొద్దన్నా. మీరు చెప్పిన నాలుగు లక్షణాలకు నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. నాలుగింటికీ నీళ్లే మందనుకుని రెండు పూటలా తడపడం వల్ల ఆకుల అంచులు మాడేది ఇంకా ఎక్కువవుతోంది. ఒక్క టమోటా తప్ప మిగతా తోటను రోహిణి కార్తె దాటించవచ్చు, దాటేలోపు కాయలూ కోసుకోవచ్చు.

టమోటా సంగతి ముందు చూద్దాం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కంటే దిగకపోతే టమోటా పుప్పొడి చచ్చుబడిపోతుంది. పువ్వు విచ్చుకుంటుంది, పిందె మాత్రం కట్టదు. రెండు మూడు రోజులకు పూకాడ మధ్యలో ఉండే గణుపు పసుపు తిరిగి అక్కడికి తెగి రాలుతుంది. మే నెలలో అనంతపురంలో పగలు 40 అటూ ఇటూ ఉంటుంది. నంద్యాల, కడప వైపు అయితే ఇంకా ఎక్కువ. ఆ వేడిలో నీళ్లు పెంచినా, యూరియా వేసినా, పూత నిలవడానికని అంగట్లో అమ్మే మందు కొట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. చెట్టు మీద ఇప్పటికే ఉన్న కాయలను కాపాడుకోవడమే మనం చేయగలిగింది. వాటిని ఎర్రగా పండేదాకా చెట్టుకే ఉంచొద్దు. 30, 32 డిగ్రీలు దాటితే టమోటాలో ఎరుపు రంగు సరిగ్గా తయారు కాదు, కాయ పసుపు నారింజ రంగులోనే మెత్తబడిపోతుంది. ఎండ నేరుగా తగిలిన వైపు తెల్లగా, తోలులా కాలిపోతుంది. మొన దగ్గర కాస్త రంగు తిరగగానే, అంటే దోరగా ఉన్నప్పుడే, కోసి ఇంట్లో చల్లని మూల జనపగోతం మీద పరచండి. నాలుగైదు రోజుల్లో చక్కగా ఎర్రబడతాయి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం పండవు.

ఎండుతున్న ఆకులు కత్తిరించి టమోటాను పలచన చేయాలని కొందరు చెబుతారు. ఈ నెలలో ఆ పని వద్దు. ఆ ఆకులే కాయకు గొడుగు. ఆకులు ముడుచుకుని, గిడసబారి, బొబ్బర తెగులు పట్టిన చెట్లు మాత్రం ఇవాళే వేళ్లతో సహా పీకేయండి. తెల్లదోమ ఆ తెగులు తెచ్చే వైరస్‌ను పక్క చెట్లకు మోస్తుంది. మిగతావి ఈ కాయలు అయిపోగానే తీసేయొచ్చు. ఫిబ్రవరి టమోటాను వానల దాకా మోయడం నీళ్లు దండగ.

పీకేటప్పుడు వేళ్లు చూడండి. వేళ్ల మీద బుడిపెలు ఉంటే అవి నులిపురుగుల (నెమటోడ్ల) పని. ఖాళీ అయిన ఆ మడికి ఈ ఎండే మంచి మందు. మట్టి గుల్ల చేసి, చదును చేసి, బాగా తడిపి, తెల్లటి పారదర్శక ప్లాస్టిక్ పట్టా నేలకు అంటుకునేలా పరచి, నాలుగు వైపులా అంచులను మట్టితో కప్పేయండి. నల్ల పట్టా అయితే వేడిని పైనే పట్టుకుంటుంది, లోపలికి అంతగా దిగనివ్వదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపకుండా ఉంచితే పైపొరలోని నులిపురుగులు, కలుపు విత్తనాలు, నారుకుళ్లు తెచ్చే బూజు చాలావరకు చస్తాయి. నేల తడిగా లేకపోతే వేడి లోపలికి దిగదు, ఆ తడుపు మర్చిపోవద్దు.

ఇక నీళ్లు. నడివేసవిలో మన దగ్గర చదరపు మీటరు మడికి రోజుకు 6 నుంచి 8 లీటర్లు ఆవిరైపోతాయి. మీ 600 చదరపు అడుగుల్లో దారులు పోగా మడులు సగం, అంటే 28 చదరపు మీటర్లు అనుకుందాం. రోజుకు 200 లీటర్లు కావాలి. 15 లీటర్ల బకెట్లు 13, 14. మొక్క లెక్కన చూస్తే కాపులో ఉన్న వంగకో టమోటాకో 3, 4 లీటర్లు, పందిరెక్కిన సొర పాదుకు 10 నుంచి 15. ఇవి ఎర్రనేల లెక్కలు. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడిలో తోట ఉన్నవాళ్లు నాలుగైదు రోజులకొకసారి నిండుగా పెడితే చాలు. అక్కడ కష్టం నెర్రెలతో వస్తుంది. నెర్రె విచ్చిందంటే వేళ్లు తెగుతాయి, లోపలి తేమంతా ఆ సందుల్లోంచి పోతుంది. మట్టితో, పొట్టుతో నెర్రెలు పూడ్చాకే నీళ్లు పెట్టాలి.

ఈ నీళ్లను పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం పైపుతో చల్లితే పైన అంగుళం మాత్రమే తడుస్తుంది. వేళ్లు ఆ తడి కోసం పైకి వస్తాయి, మధ్యాహ్నం 2 గంటలకు ఆ పై మట్టి పెనంలా కాలుతుంది. బోరు నీళ్లలోని ఉప్పు కూడా అక్కడే మిగిలిపోతుంది. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. మీ ఆకుల అంచులు మాడడానికి ముఖ్య కారణం ఇదే. ఎండ దెబ్బ అయితే ఆకు మధ్యలో, ఎండ పడే చోట తెల్లటి మచ్చలు వస్తాయి. ఉప్పు దెబ్బ అయితే ముదురు ఆకుల అంచు నుంచి లోపలికి గోధుమ రంగులో కాలుతూ వస్తుంది. మడి మీద తెల్లటి పొర కూడా కనిపిస్తోందంటే ఇక అనుమానం అక్కర్లేదు.

అందుకని ఒక్క పూటే పెట్టండి, తెల్లవారి 5 నుంచి 7 మధ్య, పాదులో నిలిచేలా, జానెడు లోతు తడిసేలా. ఆకుల మీద ఉప్పు నీళ్లు పడనీయొద్దు. వారానికి ఒకసారి మామూలుకు రెట్టింపు పెట్టండి, పైన పేరుకున్న ఉప్పు వేళ్ల కిందికి దిగుతుంది. మీ నేల ఇసుక కలిసిన ఎర్రనేల కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. తెల్లపొర కట్టే పాలచౌడుకు జిప్సం అక్కర్లేదు, నీళ్లతో కడగడమే వైద్యం. నీళ్లు ఇంకకుండా పైన నిలిచి, నేల నల్లగా జిడ్డుగా గట్టిపడే కారుచౌడుకే జిప్సం. అది కూడా మట్టి పరీక్ష చేయించి, వాళ్లు చెప్పిన మోతాదులోనే. అనంతపురానికి రెడ్డిపల్లి, కడపకు ఊటుకూరు, కర్నూలు వైపు యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడగండి. మట్టితో పాటు ఒక సీసా బోరు నీళ్లు కూడా తీసుకెళ్లండి.

తాగునీటి ఆర్‌ఓ ఫిల్టరు నుంచి బయటికి వచ్చే వృథా నీళ్లు మొక్కలకు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి పోయొద్దు. బోరు నీళ్లలోని ఉప్పంతా వాటిలోకే చేరి ఉంటుంది. బట్టలుతికిన సబ్బు నీళ్లూ వద్దు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు నిశ్చింతగా పోయవచ్చు.

ఇంకో చిన్న జాగ్రత్త. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు, ఎండలో పడి ఉన్న రబ్బరు పైపులోని నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. పైపులో మొదట వచ్చే వేడి నీళ్లు పక్కకు వదిలేశాకే పాదుకు పెట్టండి. మధ్యాహ్నం ఆకులు వాలగానే కంగారుపడి నీళ్లు పట్టొద్దు. సొర, బీర, గుమ్మడి ఆకులు ఈ ఎండకు వాలడం సహజం. సాయంత్రం 6, 7 గంటలకు మళ్లీ లేచాయంటే నీళ్లకు కొరత లేదు. తెల్లవారి కూడా వాలే ఉన్నాయంటే మొక్క పక్కన నాలుగు అంగుళాలు తవ్వి చూడండి. మట్టి పిడికిట్లో ఉండ కట్టకపోతే నీళ్లు చాలలేదు. మట్టి తడిగా ఉండి కూడా మొక్క వాలుతుంటే వేరుకుళ్లో, నులిపురుగో, ఎండు తెగులో.

నేలను కప్పడానికి అనంతపురంలో బుడ్డల (వేరుశనగ) పొట్టు కంటే సులువుగా దొరికేది లేదు. మూడు అంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం మూడు అంగుళాలు దూరంగా. పొట్టు కాండానికి ఆనితే చెదలు నేరుగా బెరడు పట్టుకుంటాయి. ఎర్రనేలల్లో ఎండు పొట్టుకు చెదలు తప్పకుండా వస్తాయి కాబట్టి, పరిచే ముందు చదరపు మీటరుకు 100 గ్రాముల వేపచెక్క మట్టిలో కలపండి. పొట్టు పరిచాక నీళ్ల అవసరం తగ్గుతుంది. రోజు విడిచి రోజు 300 లీటర్ల దాకా పెట్టి, మట్టి తవ్వి చూసుకుంటూ సర్దుకోండి. సొర, బీర పాదుల పక్కన మూతి బయట ఉండేలా 5 లీటర్ల మట్టికుండ పాతి, నింపి, మూత పెడితే ఇంకా మేలు. కుండ కొత్తదై ఉండాలి, రంగు పూసింది కాకూడదు. ఉప్పు నీళ్లకు కుండ రంధ్రాలు ఏడాదికల్లా మూసుకుపోతాయి, అప్పుడు మార్చుకోవాలి.

నీడ కావాల్సింది పొద్దున ఎండ నుంచి కాదు, 11 నుంచి 4 దాకా. కాయ కూరలకు 35 శాతం నీడ వల, ఆకుకూరలకు 50 శాతం వల. 75 శాతం వల కింద మొక్క పొడుగ్గా సాగుతుంది గానీ కాయదు. వల ఏడెనిమిది అడుగుల ఎత్తులో ఉండాలి, తూర్పు తెరిచి ఉండాలి, పడమర వైపు కాస్త కిందికి దించాలి. మొక్కల తలలకు ఆనేలా కడితే వేడిగాలి అక్కడే నిలిచి ఉడికించేస్తుంది. మే సాయంత్రాల గాలివానలకు వలతో పాటు పందిరి కూడా లేచిపోతుంది కాబట్టి ఒక వైపు జారుముడి వేసుకోండి, మబ్బు పట్టగానే చుట్టేయడానికి వీలుగా.

ఇప్పుడు సొర పిందెలు. వీటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే తప్పు మందు కొడతారు. పిందె పసుపు తిరిగి పోవడానికి రెండు కారణాలు. ఒకటి పరాగం అందకపోవడం, రెండోది పండు ఈగ. రాలిన పిందెను నిలువుగా కోసి చూడండి. లోపల శుభ్రంగా ఉండి, మొన నుంచి వడలుతూ వచ్చి ఉంటే పరాగం అందలేదు. పైన సూదిపోటంత గాటు, దాని దగ్గర జిగురు బొట్టు, లోపల తెల్లని చిన్న పురుగులు ఉంటే ఈగ పని.

పరాగం అందనివాటికి చేత్తో అద్దాలి. సొర పువ్వు తెల్లది, పొద్దు వాలాక విచ్చుకుంటుంది. బీర పువ్వు కూడా సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. పొద్దున 9 గంటలకు బ్రష్ పట్టుకుని సొర దగ్గరికి వెళితే వాడిన పువ్వులే ఉంటాయి. సాయంత్రం 6, 7 మధ్య అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, నడిమి పసుపు పొడిని పిందె ఉన్న ఆడపువ్వు మధ్య భాగానికి మెల్లగా, అన్ని వైపులా అంటేలా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. రెండు మూడు రోజుల్లో పిందె కిందికి వంగి లావెక్కితే నిలిచినట్టే. ఈ వేడికి మగపూలు ఎక్కువగా, ఆడపూలు తక్కువగా వస్తాయి కాబట్టి వచ్చిన ఒక్కో పిందెను వదులుకోవద్దు.

ఈగకు మందు కొట్టి లాభం లేదు, పురుగు కాయ లోపల ఉంటుంది. పిందె నిలిచిన మూడో రోజే పాత నూలు గుడ్డ సంచో, కాగితం సంచో తొడగండి. రాలిన పిందెలు, పుచ్చు కాయలు చెత్తకుప్పలో వేయొద్దు. అక్కడే మట్టిలో గూడు కట్టి మళ్లీ ఈగలై వస్తాయి. ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, లేదా రెండడుగుల గోతిలో పూడ్చండి. ఈగలను వాసనతో రప్పించే ఎర బుట్ట కొంటే, అందులో పెట్టే క్యూలూర్ బిళ్ల అడగండి. మిథైల్ యూజినాల్ బిళ్ల మామిడి, జామ ఈగలకు. అంగట్లో చాలాసార్లు అదే చేతిలో పెడతారు, తీగజాతి కూరగాయల ఈగ దానికి రాదు.

సొర, బీర కోశాక చిన్న ముక్క నాలుకకు తాకించి చూడటం ఈ నెలలో తప్పనిసరి. నీటి కొరత, వేడి పెరిగితే కొన్ని కాయలు చేదెక్కుతాయి. చేదు సొరకాయ విషం. ఉప్పు, బెల్లం వేసి సరిచేయాలని చూడొద్దు, రసం అసలే తాగొద్దు, పారేయండి.

బెండ పీచు కట్టడం తెగులు కాదు, కోత ఆలస్యం. పువ్వు విచ్చిన ఐదారు రోజులకే కాయ కోతకొస్తుంది, ఈ ఎండలో ఏడో రోజుకు ముదిరిపోతుంది. రోజు విడిచి రోజు కోయండి. మొన విరిస్తే టక్కున తెగాలి. వంగిందంటే ముదిరింది. ముదిరిన కాయను కూరకు పనికిరాదని చెట్టుకే వదిలేస్తే విత్తనం మీదికి బలం పోయి పూత ఆగిపోతుంది, దాన్ని కూడా కోసి పారేయాలి. ఈనెలు పసుపు వలలా తేలిన చెట్లకు శంఖు రోగం పట్టినట్టు, మందు లేదు, పీకేయండి. ఆరోగ్యంగా ఉన్నవాటిని జూన్‌లో ఒక అడుగు ఎత్తున కోసేస్తే పక్క కొమ్మలు వచ్చి మళ్లీ కాస్తాయి.

మటిక్కాయ ఈ తోటలో మీకు కొండంత అండ. వేడికీ ఉప్పుకూ బాగా తట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులకొకసారి, గింజ పైకి తేలకముందే కోయండి. నీళ్లు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది గానీ గుత్తులు తగ్గుతాయి. వచ్చే ఏడు దీనికి ఇంకో సాలు ఎక్కువ కేటాయించండి.

వంగను పొద్దున్నే చూసుకుంటూ ఉండాలి. వాలిన కొనలు కనిపిస్తే లోపల పురుగు ఉంది. వాలిన చోటుకు అంగుళం కింద తుంచి సబ్బు నీళ్లలో వేయండి. పెరట్లో పాతిక చెట్లకు ఇంతకంటే మంచి వైద్యం లేదు. కాయ నిగనిగలాడుతుండగానే కోయాలి, మెరుపు తగ్గిందంటే గింజ ముదిరింది. వంగను మాత్రం పీకొద్దు. మొదటి మంచి వాన పడ్డాక అడుగు, అడుగున్నర ఎత్తున కత్తిరించి, మొక్కకు రెండు దోసిళ్లు బాగా చివికిన పెంట ఎరువు, గుప్పెడు వేపచెక్క వేస్తే నెలన్నరలో కొత్త కాపు అందుకుంటుంది. మిరప కూడా ఉంచండి. దాని ఆకులు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. నల్లికి గంధకం పొడి మందని తెలుసు గానీ 35 డిగ్రీలు దాటితే అది ఆకును కాల్చేస్తుంది. సొర, బీర జాతికి ఏ కాలంలోనూ కొట్టకపోవడం మేలు. మంచినీళ్లు దొరికితే పొద్దున్నే ఆకుల అడుగున గట్టిగా కొట్టి కడగండి. లేదంటే అర కిలో వేప గింజల పొడి గుడ్డలో కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, 10 గ్రాముల సబ్బు కలిపి, సాయంత్రం 6 తర్వాత కొట్టండి. ముందు రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు చూశాకే మిగతా తోటకు.

ఈ నెలలో యూరియా, కోళ్ల ఎరువు వద్దే వద్దు. లేత చిగురు వస్తుంది, ఎండకు మాడుతుంది, పచ్చదోమ పడుతుంది. బలం కావాలనిపిస్తే కిలో బుడ్డల చెక్క 10 లీటర్ల నీళ్లలో మూడు రోజులు నానబెట్టి, ఆ నీళ్లకు పది రెట్లు మంచినీళ్లు కలిపి, తడిసిన పాదుకు అర లీటరు చొప్పున 15 రోజులకొకసారి. పొడి మట్టికి పోస్తే వేరు కాలుతుంది.

ఏది కోసినా పొద్దున 7 లోపే కోయండి. మధ్యాహ్నం కోసిన కాయ వేడిని లోపల పట్టుకుని ఉంటుంది, సాయంత్రానికి ముడతలు పడుతుంది. వంగ తొడిమతో, సొర అంగుళం కాడతో కత్తిరించండి, లాగితే తీగ చీలుతుంది. బెండను తడిపి పెట్టొద్దు. మడుల్లో తనంతట తానే మొలిచే గంగపాయలాకును కలుపని పారేయకండి, పప్పులోకి బాగుంటుంది, ఈ ఎండలో తోటకూరకంటే తాజాగా ఉంటుంది.

మిగిలిన కాయలకు ఈ ఎండ మళ్లీ వరం. మటిక్కాయలను ఉప్పు నీళ్లలో మూడు నాలుగు నిమిషాలు ఉడికించి వార్చి, వంకాయలను ముక్కలు కోసి ఉప్పు పట్టించి, మిద్దె మీద పలచగా ఆరబెడితే రెండు మూడు రోజుల్లో ఒరుగులవుతాయి. విరిస్తే పెళుసుగా విరగాలి. వంగిందంటే లోపల తేమ ఉంది, డబ్బాలో బూజు పడుతుంది. పొద్దు వాలకముందే లోపల పెట్టండి. లావు మిరపకాయలు కిలోకు లీటరు పుల్ల మజ్జిగ, 100 గ్రాముల ఉప్పు. కాయలకు గాటు పెట్టి రెండు రోజులు ఊరనిచ్చి, తర్వాత పగలు ఎండలో, రాత్రి మళ్లీ అదే మజ్జిగలో, మజ్జిగంతా పీల్చుకునేదాకా.

మృగశిర విషయం. టమోటా నారు జూన్ మొదటి వారంలో వల కింద పోయండి, 25 నుంచి 30 రోజుల నారు జూలైలో నాటుకోవచ్చు. బెండ, మటిక్కాయ, అలసంద నేరుగా విత్తుకోవచ్చు, అయితే మొదటి జల్లుకే కాదు, ఐదారు అంగుళాల లోతు తడిశాక. మొదటి వానలు పడిన రాత్రుల్లో వేపచెట్ల మీదికి గోధుమరంగు పెంకుపురుగులు గుంపులుగా వస్తాయి. బుడ్డ పంటను, మన మడులనూ తినే వేరుపురుగుకు తల్లులు అవే. దీపం వెలుగులో కొమ్మలు దులిపి, కిరోసిన్ కలిపిన నీళ్లలో పడేయండి. చివకని పెంట మడుల్లో వేస్తే అవి గుడ్లు పెట్టడానికి అక్కడికే చేరతాయి.

జూన్‌లో నాలుగు చినుకులు పడగానే నీళ్లు ఆపేయొద్దు. మన జిల్లాకు పెద్ద వానలు సెప్టెంబరులోనే. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండ తగ్గినా పడమటి గాలి ఆరబెట్టేస్తుంది, రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగేది ఆ గాలికే. పడమర, నైరుతి వైపు అడుగు దూరంలో రెండు సాళ్లు జొన్నో సజ్జో ఇప్పుడే విత్తి తడిపితే, జూలైలో నారు నాటే నాటికి అడ్డు తయారవుతుంది. నాటిన ప్రతి టమోటాకూ మొదటి వారంలోనే కట్టె పాతి, వదులుగా కట్టండి.